గాలిసంచి అటు, గాలి ఇటు

పోయిన వారం మనం టైలరమ్మను ఆమె గుమ్మంలోనే వదిలి వచ్చాం. ప్లాంటు వాచ్‌మన్ సైకిలు దిగకుండానే ఒక కాలు నేలకు ఆనించి, "తనిఖీ అమ్మగారు వచ్చారు. నిన్ను రమ్మంటున్నారు. నువ్వు కుట్టిన సంచి బల్ల మీద పరుచుకుని కూర్చున్నారు" అని చెప్పి వెళ్లిపోయాడు. 

ఆ సంచి సంగతి మరిచిపోయిన వాళ్ల కోసం నాలుగు మాటలు. బఠాణీలు గడ్డకట్టించి ప్యాకెట్లలో నింపే ఆ ప్లాంటుకు చలి పుట్టించేది అమ్మోనియా. పైపుల్లో ఉన్నంతసేపు చెప్పినట్టు వినే నౌకరు. పైపు దాటిందా, కళ్లనూ గొంతునూ కాల్చేసే నిప్పు. అందుకే ప్లాంటు కప్పు మీద ఒక స్తంభం, దాని కొసన గుడ్డతో కుట్టిన పొడుగాటి గాలిసంచి. రెండు చివరలా నోరున్న సంచి. గాలి ఎటు వీస్తే దాని తోక అటు తిరుగుతుంది. గ్యాసు కూడా అటే పోతుంది కనుక మనుషులు తోక చూపించిన దిక్కుకు పోకూడదు, దానికి ఎదురు దిక్కుకు పరుగెత్తాలి. అక్షరం ముక్క రాని వాళ్లకు కూడా తలెత్తి చూస్తే తెలిసిపోయే ఏర్పాటు.

గ్యాసు లీకైన రోజున తోక గేటు వైపు చూపించింది. ప్యాకింగ్ హాల్లో పనిచేసే టైలరమ్మ ఆడపడుచు, "సంచి చూడండే, సంచి చూడండి! గేటు వైపు వద్దు!" అని అరుస్తూ అందరికంటే ముందు వెనక పెరట్లోకి పరుగెత్తింది. గ్యాసు అక్కడే కాచుకుని ఉంది. ఆమె వెనకాల వస్తున్న వాళ్లు ఘాటు తగలగానే మళ్లిపోయారు. తల పైకెత్తకుండా, తోచిన దారిన గేటుకు పరుగెత్తిన వాళ్లంతా దగ్గుకుంటూ బయటపడ్డారు. నియమం పాటించిన పిల్ల మాత్రం రెండు కళ్లకూ కట్టుతో మంచాన పడింది. 'ఇదేం న్యాయం స్వామీ' అని దేవుడి ముందు దీపం పెట్టిన ప్రతిసారీ టైలరమ్మ అడుగుతూనే ఉంది. దీపం వెలుగుతుందే గాని జవాబు చెప్పదు కదా.

జవాబు కంపెనీ చెప్పింది. 'సంచి మందపు గుడ్డతో కుట్టారు. బరువుకు తిరగలేదు' అంది. అంతటితో గ్యాసు తప్పు పోయింది, పైపు తప్పు పోయింది, అందరి తప్పూ పోయి ఒక్క సూది తప్పు మిగిలింది.

*

ఆమె చెప్పుల్లో కాళ్లు పెడుతుంటే అత్తగారు వంటింటి గడప మీద కూర్చుని కూరగాయలు తరుగుతూ తల ఎత్తకుండానే అంది.

"వెళ్లు తల్లీ, వెళ్లు. వీధిలో అందరి జాకెట్లూ కుట్టిన చెయ్యి, చివరికి ఇంటిపిల్ల కళ్లే కుట్టేసింది."

టైలరమ్మ బదులు చెప్పలేదు. చెప్పడానికి ఆమె దగ్గర మాట లేక కాదు. ఆ మాట అనాల్సిన మనిషి ఆమె కాదు. 'అమ్మా, ఆ సంచి కుట్టేటప్పుడు నేను పక్కనే ఉన్నాను, పల్చటి గుడ్డే వాడింది' అని ఆమె భర్త అనాలి. ప్లాంటులో మిషను రూము ఆపరేటరు ఆయన. గుడ్డ తెచ్చింది ఆయనే, కుట్టాక తీసుకుపోయింది ఆయనే. ప్రమాదం జరిగిన నాటి నుంచి తల్లి దెప్పుతుంటే కంచంలోకి చూస్తూ కూర్చుంటాడు. కంచంలో అన్నం కూడా అలాగే కూర్చుంటుంది.

ఆయన మొదటి నుంచీ మాటల మనిషి కాదు, చేతుల మనిషి. ఎప్పుడో కాలిపోయిన ఫ్యాను మోటారు విప్పి, అందులోని రాగి తీగ చుట్టగా చుట్టి గోడ మేకుకు తగిలించుకున్నాడు. ఇంట్లో ఏది విరిగినా ఆ తీగతోనే వైద్యం. జల్లెడ అంచుకు తీగ, గొడుగు పుల్లకు తీగ, తల్లి కళ్లజోడు కాడకు తీగ. "ఈ ఇంట్లో మా ఆయన తీగతో కట్టనిది నేనొక్కదాన్నే" అని టైలరమ్మ ఇరుగుపొరుగుతో నవ్వేది. "నిన్ను కట్టాలంటే ఆ చుట్ట చాలదు" అని ఆయన మెల్లగా అనేవాడు. పెళ్లైన కొత్తలో జల్లెడకు కట్టిన తీగ కొస ఆమె వేలికి గుచ్చుకుని చీము పట్టింది. వారం రోజులు సూది పట్టలేకపోయింది. ఆ తర్వాత ఆయన ఏది కట్టినా కొసను పట్టకారుతో ముక్కుపుడక అంత చుట్టగా మడిచేవాడు. అది చూస్తే చాలు, ఇది మావాడి పని అని వీధిలో అందరూ చెప్పేస్తారు.

ఆ పొద్దునే, వాచ్‌మన్ రాకముందు, ఆమె కుట్టుమిషను మీద దారపు కండె పెట్టే పుల్ల ఊగిపోతుంటే తీగ కోసం చూసింది. మేకు ఖాళీగా ఉంది.

"తీగ చుట్ట ఏదండీ?"

"అయిపోయింది."

"నెలక్రితం బారెడు ఉండేదిగా?"

"అయిపోయిందన్నానుగా!"

ఆయన అంత గట్టిగా మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు. కాసేపు ఖాళీ మేకును చూసింది. తర్వాత పుల్లకు దారమే చుట్టి సరిపెట్టుకుంది. సంసారంలో కొన్ని ప్రశ్నలను అలాగే దారం చుట్టి పక్కన పెడతాం.

చెప్పులు వేసుకున్నదల్లా మళ్లీ విప్పి లోపలి గదిలోకి వెళ్లింది. ఆడపడుచు గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కళ్ల మీద తెల్లటి కట్టు.

"వదినా, నువ్వేనా?"

"నేనేనమ్మా."

"ఒక్క మాట అడుగుతాను. నిజం చెబుతావా? గుడ్డ మందంది వాడావా?"

"లేదమ్మా. నా చేతుల్లో అది జారిపోయేంత పల్చన."

"మరెందుకు తిరగలేదు?" ఆ పిల్ల గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "ఈ చీకట్లో నాకు వేరే పనేముంది వదినా? అదే కనబడుతోంది. తోక గేటు వైపు ఉంది. ఊగలేదు, వాలలేదు. కర్రలా నిలబడి ఉంది. నేను దాన్ని నమ్మాను."

'నిన్ను నమ్మాను' అన్నట్టే వినిపించింది టైలరమ్మకు. ఆమె మంచం మీద కూర్చుని ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"నిజం ఏదైనా సరే, అది నాదైనా, ఇంకెవరిదైనా, తెచ్చి ఈ చేతిలో పెడతాను. నీ కళ్ల మీద ఒట్టు."

"నా కళ్ల మీద వద్దులే వదినా. అవి ఇప్పుడు పూచీకి పనికిరావు" అంది ఆ పిల్ల. నవ్వబోయి దగ్గింది.

*

మేనేజరు గదికీ మిషను రూముకూ మధ్య ఒక్క గోడే. యంత్రాల హోరు ఆ గోడలోంచి బల్ల మీదికి, బల్ల మీది నుంచి కాఫీ కప్పుల్లోకి పాకుతూ ఉంటుంది. గోడకు అవతల తన భర్త ఉన్నాడని టైలరమ్మకు తెలుసు. ఆ తెలియడం ఈ రోజు ధైర్యంగా ఎందుకు లేదో మాత్రం ఆమెకు అర్థం కాలేదు.

"రండమ్మా, రండి! కూర్చోండి. కాఫీ తెప్పించనా?" అన్నాడు మేనేజరు. ఇన్నేళ్లలో ఆయన ఆమెను కూర్చోమన్నది ఇదే మొదటిసారి. పిలవని పేరంటానికి పీట వేశారంటే దాని కింద ఏదో ఉంటుంది. ఆమె కుర్చీ అంచునే కూర్చుంది.

తనిఖీ అమ్మగారు నడివయసు మనిషి. కళ్లజోడు మెడలో దారానికి వేలాడుతోంది. ముందున్న బల్ల మీద గాలిసంచి పొడుగ్గా పరిచి ఉంది, ఒడ్డున పడ్డ పెద్ద చేపలా. దాని ఒంటి మీద ఎర్ర గుడ్డతో కంపెనీ పేరు, ఒక్కొక్క అక్షరం టైలరమ్మ కత్తిరించి అతికించి కుట్టింది.

"ఇది మీరు కుట్టిందేనా అమ్మా?"

టైలరమ్మ సంచి అంచు తిరగేసి చూసింది. తోక అంచుకు రెండు మడతలు, మడత మీద జంట కుట్టు. గాలికి పీలికలు కాకూడదని తీసుకున్న జాగ్రత్త.

"నాదేనండి. గుడ్డా అదే."

"బరువుగా ఉందంటున్నారు వీళ్లు."

"మేడమ్, పట్టుకుని చూస్తే మీకే తెలుస్తుంది" అన్నాడు మేనేజరు. "పాపం ఈవిడను అనడం కాదు. ఇంట్లో కుట్టేవాళ్లకు ఇలాంటి విషయాలు ఎలా తెలుస్తాయి? మంచిదని గట్టిగా కుట్టింది. అంతే."

తనిఖీ అమ్మగారు లేచి మూలనున్న నిలువు ఫ్యానును గది మధ్యకు లాగింది. సంచి నోటికి బిగించిన ఇనప చట్రాన్ని ఒక చేత్తో ఎత్తి పట్టుకుంది. మీట నొక్కడానికి అటు తిరిగింది. ఆ కాస్త సందులో మేనేజరు టైలరమ్మ వైపు వంగాడు.

"మీ ఆయన మంచి పనివాడమ్మా. నోరు జారడు. ఇంట్లో వాళ్లు కూడా అలాగే ఉంటే ఎంత బాగుంటుంది!"

ఆయన నవ్వుతూనే అన్నాడు. టైలరమ్మకు ఆ నవ్వు కంటే 'నోరు జారడు' అన్న మాటే లోపల ఎక్కడో చిక్కుకుంది. జారడానికి ఆయన నోట్లో ఏముంది?

ఫ్యాను తిరిగింది. బల్ల మీద చచ్చినట్టు పడున్న సంచి ఒక్కసారి ఊపిరి పీల్చుకుని నిండింది. ఎర్ర అక్షరాలు ఉబ్బి నిలబడ్డాయి. ఫ్యానును పక్కకు తిప్పితే తోక పక్కకు తిరిగింది. గాలి తగ్గించినా తిరిగింది. అన్నిటికంటే తక్కువ నంబరు మీద కూడా దాని తోక ఆవుదూడ తోకలా ఆడుతూనే ఉంది.

టైలరమ్మ కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. అత్తగారు ఇక్కడ ఉంటే బాగుండు, ఆ పిల్ల చూడగలిగితే బాగుండు అనుకుంది. అనుకుని నాలిక కరుచుకుంది.

"కుట్టులో తప్పు లేదు" అంది తనిఖీ అమ్మగారు.

"ఇది ఆఫీసు ఫ్యాను మేడమ్. ఆరుబయట గాలి వేరు కదా" అన్నాడు మేనేజరు.

"గాలి అందరికీ ఒకటే మేనేజరుగారూ."

కళ్లు తుడుచుకుంటూ తల ఎత్తిన టైలరమ్మకు మేనేజరు కుర్చీ వెనక గోడకున్న ఫొటో కనిపించింది. కొత్త అద్దం కట్టిన ఫొటో. సరుకు కొనే పెద్దకంపెనీ వాళ్లు చూడటానికి వచ్చిన రోజున తీసింది. గేటు దగ్గర కోట్లు వేసుకున్న పెద్దమనుషులు వరుసగా నిలబడ్డారు. వాళ్ల తలల పైన, కప్పు మీద గాలిసంచి బారుగా సాగి ఉంది. పేరు చక్కగా, పూర్తిగా చదవొచ్చు. తన అక్షరాలు అంత బాగా వచ్చినందుకు ఆమెకు ఒక్క క్షణం పొంగు వచ్చింది.

మరుక్షణం ఆమె చూపు కిందికి జారింది. వరుసలో మధ్య మనిషి మెడలోని టై భుజం మీదుగా పైకి ఎగిరి ఉంది. గుడ్డ ఎగిరితే కళ్లు దాని వెంటే పోవడం ఆమెకు అలవాటు.

"అమ్మగారూ, ఆయన టై చూడండి."

"ఏ టై?"

"టై అటు ఎగురుతోంది. సంచి ఇటు ఉంది."

తనిఖీ అమ్మగారు కళ్లజోడు పెట్టుకుని ఫొటో దగ్గరికి వెళ్లింది. చాలాసేపు చూసింది. 

"ఒకే ఫొటోలో రెండు గాలులా మేనేజరుగారూ?"

"కప్పు మీద గాలి ఒకలా, కింద ఒకలా..."

"గాలి అంతా పేరు రోడ్డు మీదికి కనపడేట్టే వీచింది. అదృష్టవంతులు మీరు." ఆమె వెనక్కి వచ్చి సంచిని తోక వైపు నుంచి ఎత్తి పట్టుకుంది. "కప్పు మీద ఈ సంచి పక్కనే ఒక దీపస్తంభం ఉంది కదూ? వస్తూ చూశాను. తోకను లాగి ఆ దీపస్తంభానికి కట్టేస్తే ఇలాగే, కర్రలా నిలబడుతుంది."

కర్రలా. పొద్దున ఆ పిల్ల అన్న మాటే. 

"ఫొటో కోసం కట్టారు. తర్వాత విప్పడం ఎవరికీ గుర్తు రాలేదు. గ్యాసు లీకయ్యాక గుర్తొచ్చి ఎవరో తెంచేశారు. అంతేనా?"

"ఊహించుకుంటే ఎన్నైనా ఊహించుకోవచ్చు మేడమ్" అన్నాడు మేనేజరు. ఈసారి నవ్వలేదు.

"ఊహ కాదు. ఇదేమిటి మరి?" తోక అంచున చిటికెన వేలంత మేర ఒక మరక. పచ్చనా, నీలమా అంటే రెండూ.

"వానకు పట్టిన నాచు."

ఆమె గోటితో గీకి, వేళ్ల మధ్య నలిపి చూసింది. "నాచు కాదు. రాగి చిలుము. మీ ప్లాంటులో రాగి ఎక్కడుంది?"

"ఒక్క ముక్క ఉండదు!" మేనేజరు గొంతు పెరిగింది. "అమ్మోనియాకూ రాగికీ పడదు మేడమ్, కొరికేస్తుంది. రాగి, ఇత్తడి మేం గేటు దాటనివ్వం. వాచ్‌మన్‌ను పిలిచి అడగండి."

"అయితే ఎవరో ఇంటి నుంచి తెచ్చుకున్నారు."

అమ్మోనియా రాగిని కొరుకుతుందన్న మాట అబద్ధం కాదని టైలరమ్మకు తెలుసు. అత్తగారి పుట్టింటి ఇత్తడి క్యారేజీ ఇప్పటికీ అటక మీద పడి ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె భర్త అందులో అన్నం తీసుకుపోయేవాడు. కొన్నాళ్లకే మూతంతా ఇదే రంగుకు తిరిగింది. "మా అమ్మ ఇచ్చిన ఇత్తడి ఇన్నేళ్లలో పచ్చబడలేదు, మీ కంపెనీ దిష్టి తగిలింది" అని అత్తగారు దానికి ఉప్పు తిప్పి మరీ పోసింది. ఆ రంగు ఆమె మరిచిపోయే రంగు కాదు.

ఖాళీ మేకు గుర్తొచ్చింది. 'అయిపోయిందన్నానుగా' అన్న గొంతు గుర్తొచ్చింది. 'ఛీ, రాగి తీగ మా ఇంట్లోనే ఉందా? లోకంలో ఎన్ని ఇళ్లు లేవు!' అని తన మనసును తనే కసురుకుంది. అనుమానం ఈగలాంటిది. తోలేస్తే లేస్తుంది, మళ్లీ వచ్చి అక్కడే వాలుతుంది.

"అమ్మా, ఈ మడత మీరు వేసింది. లోపల ఏమైనా మిగిలిందేమో మీ వేలికే బాగా తెలుస్తుంది. ఒకసారి చూడండి" అని తనిఖీ అమ్మగారు సంచి తోకను ఆమె చేతికిచ్చింది.

మేనేజరు బల్ల మీది గంట నొక్కాడు. తలుపు తీసిన మనిషితో, "మిషను రూము ఆపరేటర్ని రమ్మను. వాళ్లావిడ వచ్చిందని చెప్పు" అన్నాడు. చివరి మాట టైలరమ్మను చూస్తూ అన్నాడు.

ఆమె చూపుడు వేలు జంట కుట్టు వెంబడి నడిచింది. మరక దగ్గర గుడ్డకు చిన్న చిల్లు. చిల్లులోంచి వేలి కొనను మడత లోపలికి పోనిచ్చింది. గట్టిగా, సన్నగా ఏదో తగిలింది. మెలి తిప్పిన తీగ. తెంచిన మొన ఎక్కడ గుచ్చుకుంటుందోనని వేలు ముడుచుకుంటూ మెలిక చివరిదాకా తడిమింది.

గుచ్చుకోలేదు.

గుచ్చుకోనందుకే ఆమె వేలు అక్కడే ఆగిపోయింది. తీగ కొస లోపలికి మడిచి ఉంది. ముక్కుపుడక అంత చుట్ట. ఎంతో ఓపికగా, ఎవరి వేలికీ తగలకూడదని పట్టకారుతో తిప్పిన చుట్ట.

కంపెనీ తనను అంది, అత్తగారు తనను అంది, వీధంతా తనను అంది. అన్నాళ్లూ పక్కనే పడుకున్న మనిషి కప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. ఆమె వేలు నొస్తుందని తీగ మడిచిన మనిషి, ఆమె మీద ఇంత మాట పడుతుంటే ఎలా ఊరుకున్నాడు? తన చెల్లెలి కళ్లు... ఆయనకు ఎవరు చెప్పి కట్టించారు? తెంచింది కూడా ఆయనేనా? ఆమె తీగను మెల్లగా బయటికి లాగి, కనబడకుండా గుప్పిట మూసింది. ఎందుకు మూసిందో ఆమెకే తెలియదు. దేవుడు చూస్తున్నాడని మాత్రం తెలుసు.

"ఏమైనా దొరికిందా అమ్మా?" తనిఖీ అమ్మగారు అడిగింది.

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. ఇప్పుడు ఆయన మొహంలో భయం లేదు. ఆమె ఏం చెబుతుందో ఆమె కంటే ముందే తెలిసినట్టు నెమ్మదిగా కాఫీ కప్పు అందుకున్నాడు.

'తెచ్చి ఈ చేతిలో పెడతాను' అని పొద్దున తను పట్టుకున్న చెయ్యి గుర్తొచ్చింది. ఆ చెయ్యి ఇంట్లో చీకట్లో చాచుకుని ఉంది. నిజం ఎంత ఉంటుందో అనుకుంది గాని, ఇలా గుప్పిట్లో పట్టేంతే ఉంటుందని ఆమె అనుకోలేదు.

"అమ్మా?"

తలుపు తెరుచుకుంది. హోరు ఒక్కసారి గదిలోకి దూసుకొచ్చి, తలుపు మూసుకోగానే తగ్గింది. బూట్లతో, మెడలో తడి గుడ్డతో ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. మేనేజరును చూడలేదు. తనిఖీ అమ్మగారినీ చూడలేదు. బల్ల మీద బోర్లా పడున్న సంచిని చూశాడు, దాని తోకను చూశాడు, చివరికి భార్య బిగించిన గుప్పిటను చూశాడు.

"గుచ్చుకుందా?" అన్నాడు.

గదిలో ఎవరూ ఆయన ఎదుట తీగ మాట ఇంకా ఎత్తనే లేదు.